భీమిలికి రెండు రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విశాఖపట్నం. చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు కూడా ఫోన్ చేసి, మాకు దగ్గర్లో సముద్రం ఒడ్డున ఉన్న భీమిలి గురించి అడుగుతుంటారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నాను. నా ఇష్టాయిష్టాలు అక్కడక్కడా దొర్లుతాయి, ఏమీ అనుకోకండి.

భీమిలి, భీమునిపట్నం ఒకటేనా?

ఒకటే. కాగితాల మీద భీమునిపట్నం, నోటిలో భీమిలి. ఇంగ్లీషువాళ్లకు ఆ పేరు తిరగక బిమ్లిపటం అనేవారు. పాత పటాల్లో అదే కనిపిస్తుంది. బకాసురుణ్ని భీముడు చంపింది ఇక్కడేనని, అందుకే ఆ పేరొచ్చిందని ఊళ్లో చెబుతారు. బకాసురుడు మా ఊళ్లోనే చచ్చాడని చెప్పుకునే ఊళ్లు దేశంలో ఇంకా చాలా ఉన్నాయి, కాబట్టి దాని మీద వాదన పెట్టుకోకండి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది. దేశంలోకెల్లా పాత మున్సిపాలిటీల్లో ఒకటని ఇక్కడివాళ్లు ఇప్పటికీ గర్వంగా చెబుతారు. ఇప్పుడు మాత్రం విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది.

ఒక పూట చాలదా? రాత్రి ఉండాలా?

అందరూ చేసేది ఒక పూటే. మధ్యాహ్నం భోంచేసి వైజాగ్‌లో బయల్దేరతారు. రుషికొండలో గంట, తొట్లకొండ దగ్గర అరగంట ఆగి, భీమిలి చేరేసరికి చీకటి పడుతుంది. బీచ్‌లో విగ్రహాల దగ్గర నాలుగు ఫొటోలు దిగి, మిరపకాయ బజ్జీ తిని వెనక్కి వెళ్లిపోతారు. తర్వాత 'అక్కడ చూడటానికేముంది అన్నయ్యా, ఉత్త బీచే కదా' అని నాకే చెబుతారు.

భీమిలికి పొద్దు పొద్దున్నే మొదలవుతుంది. తెల్లారకముందే తెప్పలు వెళ్తాయి, ఏడింటికల్లా చేపల వేలం పాట నడుస్తుంటుంది, తొమ్మిది దాటితే ఎండ ముదిరి ఊరు నీడ చూసుకుంటుంది. ఆ మూడు గంటలు దొరకాలంటే ముందు రాత్రి అక్కడ పడుకోవాలి. ఒక రాత్రి ఉండలేకపోతే సాయంత్రం వెళ్లకండి, తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరి వెళ్లండి. ఈ పేజీ మొత్తంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

సూర్యాస్తమయం సముద్రంలో కనిపిస్తుందా?

కనిపించదు. ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. గోవాలో చూసిన సీను ఇక్కడ కావాలంటే కుదరదు. దానికి బదులు ఇంకోటుంది. పున్నమి రోజు సాయంత్రం ఒడ్డున కూర్చుంటే చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు, మొదట రాగి రంగులో, తర్వాత పసుపుగా. క్యాలెండర్ చూసుకుని పున్నమికి రూమ్ బుక్ చేసుకునేవాళ్లు తక్కువ. మీరు చేసుకోండి.

ఏ నెలలో వెళ్తే మంచిది?

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. పొద్దున్న చలి తెలుస్తుంది, పగలు హాయిగా తిరగొచ్చు. సంక్రాంతి రోజుల్లో రోడ్డు నిండా బళ్లే, కనుమ నాడైతే అసలు వద్దు.

మార్చి చివరి నుంచి ఎండ కంటే ఉక్కపోతతో అవస్థ. చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. అయినా ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవాళ్లకు తాటిముంజలు దొరుకుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన, మధ్యలో తెరిపి. కొండలు పచ్చగా ఉంటాయి, సముద్రం మాత్రం రౌద్రంగా ఉంటుంది.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్లం కనుక ఆ రెండు నెలలూ మేం వాతావరణ శాఖ మాట వినకుండా ఏ ప్రోగ్రామూ పెట్టుకోం. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే టికెట్ క్యాన్సిల్ చేసుకోండి. పోయేది టికెట్ డబ్బులే.

ఎలా వెళ్లాలి? సొంత బండి లేకపోతే కష్టమా?

ఏ మాత్రం కష్టం కాదు. వైజాగ్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు. రెండు దార్లున్నాయి. ఒకటి సముద్రం పక్కనే వెళ్లే బీచ్ రోడ్డు. రెండోది హైవే మీదుగా ఆనందపురం, తగరపువలస తగిలి వచ్చేది. ఆర్టీసీ సిటీ బస్సుల్లో 900కె బీచ్ రోడ్డు మీదుగా వెళ్తుంది. 999 ఎక్కితే లోపలి దారిలో తీసుకెళ్తుంది. కండక్టర్‌ని 'రుషికొండ మీదుగానా?' అని ఒక్కమాట అడిగి ఎక్కండి. బీచ్ రోడ్డు బస్సులో వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోవాలి, సముద్రం అటే ఉంటుంది. వచ్చేటప్పుడు ఎడమ.

భీమిలికి రైలు లేదు. విశాఖలోనో, విజయనగరంలోనో దిగాలి. శ్రీకాకుళం, ఒడిశా వైపు నుంచి వచ్చేవాళ్లకు విజయనగరమే దగ్గర. విమానంలో వచ్చేవాళ్లు టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టో చూసుకోండి. విశాఖలో పాతది ఊరికి ఇటు చివర, భోగాపురంలో కొత్తగా కట్టింది భీమిలి దాటి అటువైపు. భీమిలి నుంచి లెక్కేస్తే రెండింటికీ చాలా తేడా ఉంది.

కారులో వెళ్తే దారిలో ఎక్కడెక్కడ ఆగాలి?

అన్నిచోట్లా ఆగితే భీమిలి చేరరు. రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చాక జనం ఇంకా పెరిగారు, దాన్ని ఇంకో రోజుకు వదిలేయండి. నేనైతే తొట్లకొండకే ఓటేస్తాను.

కొండ పైదాకా కారు వెళ్తుంది. రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. నీళ్లు నిలవడానికి బండలో తొలిచిన తొట్లున్నాయి కాబట్టి తొట్లకొండ. అలాగే దగ్గర్లోనే బావులున్న కొండ బావికొండ. మనవాళ్లు పేరు పెట్టడంలో కవిత్వం జోలికి పోలేదు, కనబడిందే పెట్టారు. 1970ల్లో నేవీ వాళ్లు ఆకాశం నుంచి సర్వే చేస్తుంటే తొట్లకొండ శిథిలాలు బయటపడ్డాయి. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. కొండ మీద నుంచి కిందికి చూస్తే ఆ నాణేలు ఎలా వచ్చాయో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురుగా సముద్రమే కదా.

కొండ దిగగానే మంగమారిపేట. అక్కడ ఒడ్డున సముద్రం కోసి వదిలిన రాతి తోరణం ఉంది. పోటు తగ్గి ఉన్నప్పుడైతే దగ్గరగా వెళ్లి చూడొచ్చు. దాని మీదికెక్కి సెల్ఫీలు దిగేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

ఎర్రమట్టి దిబ్బలు సినిమాల్లో చూశాం. నిజంగా అలాగే ఉంటాయా?

సినిమాలో కంటే బాగుంటాయి, పొద్దున ఏడు లోపు వెళ్తే. భీమిలికి నాలుగైదు కిలోమీటర్ల ముందు, రోడ్డుకు కొండవైపు ఉంటాయి. రోడ్డు మీద నుంచి చూస్తే ఏదో తుప్పల తోటలా ఉంటుంది. లోపలికి వంద అడుగులు వేశాక నేల ఒక్కసారిగా కిందికి విచ్చుకుంటుంది. వాన నీళ్లు కోసిన గెడ్డలు, అంటే వాగులు, వాటి పక్కన నిట్టనిలువుగా ఎర్రటి గోడలు. గోడను వేలితో రాస్తే గట్టిగా రాయిలా ఉండదు, పొడిపొడిగా రాలుతుంది. వేలికి కుంకుమలాంటి రంగు అంటుతుంది. పైన జీడిచెట్ల వేళ్లు గాల్లో వేలాడుతుంటాయి, కింది మట్టి కోసుకుపోయి.

అది మట్టి కూడా కాదు, ఇసుక. వేల ఏళ్ల కిందట, మంచుయుగం రోజుల్లో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. ఆ ఇసుకలో ఇనుము ఉన్న ఖనిజాలు కలిసి ఉన్నాయి. అవి శిథిలమై, ఇనుము తుప్పు పట్టి, ఒక్కో రేణువుకూ ఎర్ర పూత పడింది. కొన్నిచోట్ల ఈ పొర మందం 30 మీటర్ల దాకా ఉంటుంది. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు దక్షిణ తీరంలో, శ్రీలంకలో ఉన్నాయి కానీ బంగాళాఖాతం ఒడ్డున ఈ పైభాగంలో ఇవే. జియలాజికల్ సర్వే వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి.

ఇంత చెప్పినా సీసాలో ఇసుక నింపుకునేవాళ్లు, గోడ మీద పేర్లు చెక్కేవాళ్లు తగులుతూనే ఉంటారు. పేరు చెక్కిన గోడ ఒక వానకు కూలుతుంది, పేరూ పోతుంది, గోడా పోతుంది. వాన పడేటప్పుడు, పడ్డ వెంటనే గెడ్డల్లోకి దిగకండి. లోపల దారులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎటు నుంచి దిగారో ఒక గుర్తు పెట్టుకోండి. మా తోడల్లుడు అరగంట తిరిగి తిరిగి చివరికి మేకలు కాసే పిల్లాడి వెనక బయటికొచ్చాడు.

డచ్చివాళ్లు, అంటే హాలండువాళ్లు, ఇంత దూరం భీమిలికి ఎందుకొచ్చారు?

బట్ట కోసం. ఇది స్కూల్లో సరిగ్గా చెప్పరు. వాళ్లకు అసలు కావలసింది ఇండోనేషియా దీవుల్లోని జాజికాయ, లవంగం. అక్కడివాళ్లు ఆ సుగంధ ద్రవ్యాలకు బదులుగా మన తీరంలో నేసిన నూలుబట్టలు అడిగేవారు. కాబట్టి జాజికాయ కొనాలంటే ముందు తెలుగు సాలెవాళ్ల దగ్గర బట్ట కొనాలి. 1602లో డచ్ కంపెనీ పుట్టింది, 1605 నాటికే మచిలీపట్నంలో దుకాణం తెరిచింది. తర్వాత పులికాట్, పాలకొల్లు, కాకినాడ దగ్గరి జగన్నాథపురం, ఇటు భీమిలి. అప్పట్లో మనవాళ్లు వీళ్లను వలందులు అనేవారు. హాలండు అనే మాట మన నోట్లో అలా మారింది. బందరులో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది.

18వ శతాబ్దం చివర్లో ఐరోపాలో ఇంగ్లీషువాళ్లకూ డచ్చివాళ్లకూ యుద్ధం వచ్చినప్పుడల్లా ఇక్కడ భీమిలి చేతులు మారేది. అక్కడ సంధి కుదిరితే తిరిగి ఇచ్చేవారు. చివరికి 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఊరు పూర్తిగా ఇంగ్లీషువాళ్లకు దక్కింది.

అయితే కోట ఉంటుందా?

చూడటానికి కోటంటూ ఏమీ మిగల్లేదు. గోల్కొండనో, చంద్రగిరినో ఊహించుకుని రాకండి.

మరి డచ్ సమాధుల్లో చూడటానికేముంది?

సమాధుల దగ్గరికి పిల్లలతో వెళ్లొచ్చా అని కూడా అడుగుతుంటారు. వెళ్లొచ్చు. ఊళ్లోనే, ప్రహరీ లోపల ఉంది. తాళం వేసి ఉంటే పక్కవాళ్లను మర్యాదగా అడగండి.

మన కళ్లకు అవి సమాధుల్లా అనిపించవు. ఇటుక, సున్నంతో కట్టిన ఎత్తైన కట్టడాలు, పైకి పోనుపోను సన్నబడి మొనదేలి ఉంటాయి. కొన్నింటికి సున్నం ఊడి లోపలి ఇటుకలు కనిపిస్తాయి. ఆ ఇటుక మన ఇప్పటి ఇటుకలా మందంగా ఉండదు, పలచగా పలకలా ఉంటుంది. రాతి పలకల మీద అక్షరాలు చెక్కి ఉంటాయి. ఆ రోజుల్లో డచ్చివాళ్లు సమాధి మీద 'హీర్ లైట్ బెగ్రావెన్' అని మొదలుపెట్టేవారు, ఇక్కడ పూడ్చిపెట్టబడినది అని అర్థం. తర్వాత పేరు, హోదా, తేదీలు. తేదీలు మాత్రం ఎవరైనా చదవొచ్చు. పుట్టిన ఏడాదిని చచ్చిన ఏడాదిలోంచి తీసేసి చూడండి. ముసలివాళ్లు అంతగా కనపడరు. జ్వరాలు, విరేచనాలు, ఎండ. ఓడ దిగిన కొన్నేళ్లకే పోయినవాళ్లు ఎక్కువ. మా అమ్మాయి పదేళ్లప్పుడు ఆ లెక్కలు వేస్తూ వేస్తూ ఒక పలక దగ్గర ఆగిపోయి, 'నాన్నా, ఇక్కడున్నది నాకంటే చిన్నది' అంది.

సముద్రానికి దగ్గరగా ఇంగ్లీషువాళ్ల శ్మశానం వేరే ఉంది. రెండూ ఒకటే అనుకుని ఒకటి చూసి వచ్చేస్తారు, అడిగి రెండూ చూడండి.

ఊళ్లో ఇంకా పాతవి ఏమున్నాయి? నడిచి చూడొచ్చా?

నడిచే చూడాలి. గంట స్తంభం దగ్గర మొదలుపెట్టండి. అక్కణ్ణుంచి 19వ శతాబ్దపు సెయింట్ పీటర్స్ చర్చి, దాని రంగుటద్దాల కిటికీ. తర్వాత పాత దీపస్తంభం, అంటే లైట్‌హౌస్. మధ్య సందుల్లో వెడల్పాటి వరండాలు, పెంకుటి కప్పులు ఉన్న ఇళ్లు కొన్ని మిగిలాయి. గోదాములూ కొన్ని, కప్పు కూలి లోపల రావిచెట్లు మొలిచి. బోర్డులు, గైడు, టికెట్ కౌంటరు లాంటివి ఆశించకండి. నెమ్మదిగా నడిస్తే రెండు గంటలు. ఇళ్లలో మనుషులుంటారు, గడపలోకి కెమెరా పెట్టకండి. 'బాగుందమ్మా మీ ఇల్లు, ఎన్నాళ్ల కిందటిది?' అని అడిగితే లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చి చూపిస్తారు. ఉత్తరాంధ్ర పలకరింపు చెవిన పడాలన్నా అదే దారి. 'ఏటి బాబూ, ఏ ఊరు మీది?' అని వాళ్లే ముందు అడుగుతారు.

అంత పేరున్న రేవు ఇలా ఎందుకైపోయింది?

రెండు కారణాలు. రైలు దారి విజయనగరం నుంచి విశాఖకు లోపలి నుంచి వెళ్లిపోయింది, భీమిలిని తాకలేదు. 1933లో విశాఖ హార్బర్ ప్రారంభమయ్యాక ఓడలు నేరుగా గట్టుకు ఆనుకుని నిలబడే వీలు వచ్చింది. భీమిలిలో ఓడ దూరంగా లంగరు వేసుకునేది, సరుకును పడవల్లో అలల మీదుగా చేరవేయాలి. ఆ ఖర్చు, ఆ ప్రమాదం ఇంకెవరు భరిస్తారు?

అంతకుముందు ఇక్కణ్ణుంచి వెళ్లిన సరుకుల్లో మనకు చుట్టమైంది ఒకటుంది. బిమ్లి జూట్ అని ప్రపంచమంతా పిలిచిన నార మన గోగునారే. గోంగూర పచ్చడి చేసుకునే ఆ గోగు జాతే. మన పొలంలోని గోగుకు విదేశీ మార్కెట్‌లో ఈ ఊరి పేరు పడింది. దగ్గర్లోని చిట్టివలస జూట్ మిల్లు ఆ నార వ్యాపారం వల్లే పెరిగింది, ఇప్పుడది మూతపడింది.

పావురాలకొండ ఎక్కగలమా?

మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లు ఎక్కగలరు. నరసింహస్వామి గుడి ఉన్న కొండే అది. పైన బౌద్ధ విహారం పునాదులు, బండలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. చూసినవాటిలో తొట్లకొండంత చక్కగా కట్టిపెట్టినవి కావు, కానీ దృశ్యం దీనిదే. ఒకవైపు ఊరు, కొబ్బరిచెట్లు, ఇంకోవైపు గోస్తనీ నది వంపు తిరిగి సముద్రంలో కలవడం. నది నీళ్లు ఒక రంగు, సముద్రం ఇంకో రంగు, మధ్యలో గీత. ఇదే గోస్తని బొర్రా గుహల దగ్గర పుట్టి, తాటిపూడి రిజర్వాయరు నింపి, ఇక్కడిదాకా వస్తుంది. తెల్లవారగానే ఎక్కి ఎనిమిదింటికల్లా దిగిపోండి. నీళ్ల సీసా మీదే, పైన ఏమీ అమ్మరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింద గుడిలో కూర్చోవడమే మేలు.

సముద్రంలో స్నానం చేయొచ్చా?

మోకాళ్ల లోతు వరకు, మనుషులున్నచోట, తాగకుండా. అంతకుమించి వద్దు. విశాఖ తీరమంతా లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. పైకి నీళ్లు ప్రశాంతంగా కనిపించిన చోటే అలలు తక్కువని దిగుతారు, అక్కడే లాగుతుంది. లాగితే ఒడ్డుకు ఎదురీదకండి, అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. నది సముద్రంలో కలిసేచోట అసలే దిగకండి. ఇసుక మేటలు రోజుకో చోటికి మారతాయి, నిన్న నడుము లోతున్నది ఇవాళ నిలువెత్తు ఉండొచ్చు. ఎక్కడ దిగొచ్చో వలలు బాగుచేసుకుంటున్నవాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే వద్దనే.

బస ఎక్కడ? సముద్రం కనిపించే రూమ్ దొరుకుతుందా?

భీమిలిలో చిన్న లాడ్జీలు, గెస్ట్ హౌస్‌లు, చుట్టుపక్కల బీచ్ రోడ్డు మీద రిసార్ట్‌లు ఉన్నాయి. రుషికొండ వైపు ఎక్కువ హోటళ్లు. కానీ అక్కడ దిగితే పొద్దున్నే లేచి మళ్లీ ప్రయాణం చేయాలి. నా ఓటు ఊళ్లోనే, హంగులు తక్కువైనా సరే.

'సీ వ్యూ' అనే మాటను నమ్మకండి. ఒకసారి మా బావగారి కుటుంబం కోసం ఆన్‌లైన్‌లో అలాంటి రూమే బుక్ చేశాను. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ, దాని మీద వాటర్ ట్యాంకు. సముద్రం ఏదండీ అని అడిగితే, బాత్రూమ్ వెంటిలేటర్ దగ్గర బకెట్ తిరగేసి ఎక్కితే కనపడుతుందన్నాడు కుర్రాడు. మా బావగారు నిజంగానే ఎక్కి చూశారు. కనపడింది, బెత్తెడు. డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి, ఆ రూమ్ కిటికీలోంచే ఒక ఫొటో తీసి పంపమనండి. జనరేటర్ ఉందా, వేడినీళ్లు ఎన్నింటి వరకు, అదీ అడిగేయండి. శని, ఆదివారాలు రేటు పెంచుతారు, వారం మధ్యలో వెళ్తే బేరం కూడా కుదురుతుంది.

తినడానికి ఏం దొరుకుతుంది?

పొద్దున్న ఇడ్లీ, పూరీ, ఉప్మా పెసరట్టు, మామూలే. మధ్యాహ్నం చిన్న మెస్‌లో చేపల పులుసు భోజనం చెప్పుకోండి. ఏ చేప అని అడగండి. వంజరం, చందువ పెద్ద పేరున్నవి, ఖరీదూ అంతే. నెత్తళ్ల వేపుడు చవక, రుచిలో దేనికీ తీసిపోదు. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ తినకుండా రాకండి. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, నిమ్మకాయ, వేరుశనగలు, కారం, అంతా చెంబులో పడేసి చెంచాతో టకటకా కొట్టి కాగితం పొట్లంలో పోస్తాడు. మెత్తబడే లోపే తినేయాలి.

శాకాహారులు పస్తుండాల్సిన పనేమీ లేదు. కానీ రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఎవరికైనా కష్టమే, ఊరు పెందలాడే పడుకుంటుంది.

ఒడ్డునే చేపలు కొనుక్కోవచ్చా?

కొనొచ్చు. తెప్ప ఒడ్డుకు రాగానే గంపల చుట్టూ ఆడవాళ్లు చేరతారు. వ్యాపారం వాళ్లదే, పాట పాడేదీ వాళ్లే. అంకెలు ఎంత వేగంగా వస్తాయంటే మొదటిసారి వెళ్లినవాళ్లకు ఏది ఎంతకు పోయిందో తెలియదు. పాటలో దూరకండి. పాట అయిపోయాక కొన్నామెను అడిగి కాస్త లాభమిచ్చి తీసుకోవడమే పద్ధతి. శుభ్రం చేసి కూడా ఇస్తారు. వండిపెట్టే చోటు ముందే మాట్లాడుకోండి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో చేప తక్కువ, రేటు ఎక్కువ. హోటల్లో 'ఫ్రెష్' అన్నది ఐసులోంచి వచ్చిందే అయి ఉండొచ్చు.

ఫొటోలు, డ్రోన్?

ఫొటోలకు ఇబ్బంది లేదు, ఒక్క నేవీ స్థలాల దగ్గర తప్ప. బీచ్ రోడ్డులోనే ఐఎన్ఎస్ కళింగ ఉంది. ఆ గేటు, ఆ ప్రహరీ వైపు ఫోన్ ఎత్తకండి. డ్రోన్ అయితే ఇంటి దగ్గరే వదిలేసి రండి. తూర్పు నౌకాదళం కేంద్రం ఉన్న ఊరు, అనుమతి లేకుండా ఎగరేస్తే స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది. ప్రీ వెడ్డింగ్ షూట్ వాళ్లకు ఈ మాట రెండుసార్లు చెబుతున్నాను.

మూడో రోజు కూడా ఉంటే?

విజయనగరం వెళ్లండి. 1713లో కట్టిన కోట, పక్కనే ఊరు, అటు రామతీర్థం. లేదంటే ఏమీ చేయకండి, అదే ఒడ్డున ఇంకో పొద్దున్న కూర్చోండి.

అంతా సరే, రెండు రోజుల ప్లాన్ ఒకటి చెప్పేయండి.

శుక్రవారం సెలవు పెట్టగలిగితే గురువారం మధ్యాహ్నం వైజాగ్‌లో బయల్దేరండి. తొట్లకొండలో ఆగి, సాయంత్రానికి భీమిలి చేరండి. రాత్రి త్వరగా తిని పడుకోండి. మర్నాడు అయిదింటికి ఒడ్డుకు, సూర్యోదయం, తెప్పలు, పాట. టిఫిన్ చేసి డచ్ సమాధులు, చర్చి, పాత వీధులు. పది దాటాక రూమ్‌లో నిద్ర, సిగ్గుపడకండి, ఊరంతా అదే పని. నాలుగు తర్వాత గోస్తని ఒడ్డు, తర్వాత బీచ్, మురీ మిక్చర్. శనివారం తెల్లారగానే పావురాలకొండ, లేదా ఎర్రమట్టి దిబ్బలు. పిల్లలుంటే దిబ్బలు. తొమ్మిదికి తిరుగు ప్రయాణం. మీరు వైజాగ్ వైపు వెళ్తుంటే, ఎదురుగా వీకెండ్ కార్లు బారులు తీరి వస్తుంటాయి.

వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

చలికాలమైతే తేగల కట్ట. రోడ్డు పక్కన కాల్చినవి అమ్ముతారు, పచ్చివి కూడా ఉంటాయి. కాల్చినవే తీసుకోండి, వేడిగా ఉన్నప్పుడే ఒకటి ఒలిచి నార తీసి నమిలి చూసి, చప్పగా లేకపోతే కట్ట కట్టించుకోండి. ఎండుచేపలు కొంటే మాత్రం మూడు కవర్లలో కట్టించి డిక్కీలో పెట్టండి. ఏసీ బస్సులో తీసుకొచ్చిన మా పెదనాన్నగారిని తోటి ప్రయాణికులు అన్నవరం దాకా కూడా క్షమించలేదు.